మొలక శాతం గడి

ఇవాళ కాకినాడ ఆటోలో నా పక్కనాయన మొలకెత్తడానికి మండె కట్టిన వరి విత్తనాల మూట కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. తడి గోనె, పచ్చి మొలకల వాసన తగలగానే రామలక్ష్మి గారు గుర్తుకొచ్చారు. పెద్దాపురంలో ఓ చిన్న విత్తన పరీక్ష ల్యాబుకి ఆవిడ పెద్ద. నేను కంప్యూటర్ ముందు కూర్చునే కొత్త ఉద్యోగిని. నాలుగు తడి కాగితాల మీద వందేసి గింజలు పరిచి, రెండు వారాలయ్యాక మొలిచినవి ఆవిడ లెక్కపెట్టేవారు. ఆ నాలుగు అంకెలూ డేటాబేస్ ఫారంలో కొడితే మొలక శాతం పక్క గడిలో పడేది. ఎనభై ఉంటేనే ఆ సరుకు విత్తనంగా అమ్మాలి. ఆ ఫారం నేనే చేశానని నాకు తెగ గర్వం.

ఆ ఏడు తొలకరి సార్వా పంట ముందు ఆవిడ తమ్ముడి సరుకు పరీక్షకి వచ్చింది. ఆయనది విత్తనాల కొట్టు. మూడు వందల ఎనిమిది గింజలు మొలిచాయి. గడిలో డెబ్భై ఏడు పడింది. కబురు తెలిసి ఆయన పొద్దున్నే వచ్చేశారు. "మూడు తక్కువ, అంతే కదక్కా! ఎనభై వేయించు. సరుకంతా తిరగ్గొడితే నేను కొట్టు మూసుకోవాల్సిందే" అన్నారు. ఆవిడ ఇంకా ఆ గడినే చూస్తున్నారు. నేనే ఆగలేక, "ఆ గడిలో నేరుగా ఎనభై కొట్టొచ్చండి, తీసుకుంటుంది" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ మొలకల కాగితాలు తెచ్చి తమ్ముడి ముందు పరిచి, "నువ్వే లెక్కపెట్టరా సుబ్బూ" అన్నారు. ఆయన వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టారు. అవే మూడు వందల ఎనిమిది. అప్పుడు ఆవిడ నావైపు తిరిగి, "అమ్మాయ్, ఆ గడిలో ఎవరూ చెయ్యి పెట్టకుండా చేయగలవా?" అని అడిగారు. శాతాన్ని విడిగా దాచడం తీసేసి, అంకెల నుంచి ఎప్పటికప్పుడు లెక్క కట్టుకునేలా గడిలో సూత్రం రాసి, తాళం వేశాను. ఆవిడే వచ్చి ఎనిమిది, సున్నా నొక్కి చూశారు. డెబ్భై ఏడు కదల్లేదు. "చూశావుగా, నేను వేద్దామన్నా పడటం లేదు" అన్నారు. ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఆ బస్తాలన్నీ మిల్లుకి పోయాయి. రెండో పంట దాళ్వా నాటికి కొట్టు మూతపడింది.

కొన్నాళ్లకి ఉండబట్టలేక అడిగాను. "మీరు ఎలాగూ వేసేవారు కాదు కదండీ, మరి తాళం ఎందుకండీ?" ఆవిడ మొలకలు ఏరుతూనే, "వేయననుకున్నావా? నా చేతుల మీద పెరిగినవాడమ్మా. ఇంకొక్కసారి అక్కా అని ఉంటే వేసేసేదాన్ని" అన్నారు. ఆవిడ మీద గౌరవం నాకు ఆ మాటతోనే రెట్టింపైంది.

ఇప్పుడు ఏ ఆఫీసుకి ఫారం చేసిచ్చినా, లెక్కతో వచ్చే గడికి తాళం వేసే ఇస్తాను. "మా మీద అంత అనుమానమా అండీ?" అని నవ్వుతూ అడుగుతారు. మీ మీద కాదండీ, ఒకప్పుడు ఇలాంటి గడిలో ఎనభై కొట్టమన్నది నేనే అని చెబుతాను.