నీళ్ళిచ్చారా?

మా కృపారావు మావయ్య తిండి మానేస్తాడేమో గాని, ఉద్యోగం కోసం తొక్కిన గడపను రిజిస్టరులో ఎక్కించడం మానడు. ఎచ్చెర్ల దగ్గర అతను స్టోర్‌కీపరుగా చేసిన కంపెనీ మూతపడ్డ మర్నాడే పొడుగాటి రిజిస్టరు కొన్నాడు. అదే నెలలో నా ఉద్యోగమూ ఊడింది. "మా స్టాన్లీగాడిది కూడా నువ్వే సూడన్నియ్యా" అంది మా అమ్మ. నేనూ ఆ గళ్ళల్లో ఇరుక్కుపోయాను.

తేదీ, కంపెనీ, మాట్లాడిందెవరు, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు. ఇంతవరకు ఎవరైనా ఒప్పుకుంటారు. నాకు ఒళ్ళు మండేది ఆఖరి గడి చూస్తేనే. 'నీళ్ళు ఇచ్చారా?' చెమటలు కక్కుతూ ఇంటర్వ్యూ నుంచి వస్తే, ఉద్యోగం సంగతి అడగడు. గ్లాసా, సీసానా, అడగకుండానే ఇచ్చారా అని ఆరా తీస్తాడు. ఆన్‌లైన్లో పెట్టిన దరఖాస్తులకు ఆ గడిలో 'వీలు లేదు' అని రాసి సంతకం కూడా పెట్టేవాడు.

ఒకసారి విజయనగరానికి మావయ్యకు తోడు వెళ్ళాను. అక్కడి మేనేజరు అతన్ని ఎప్పుడూ చూడలేదన్నాడు. మావయ్య రిజిస్టరు తెరిచి, చర్చిలో వాక్యం చదివినట్టు చదివాడు. జూన్ పదకొండు, పది నలభై. నీలం చొక్కా. వారం తర్వాత రమ్మన్నారు. నీళ్ళు ఇవ్వలేదు. మేనేజరు తన చొక్కా చూసుకున్నాడు, ఆ రోజూ నీలమే. మమ్మల్ని వాచ్‌మన్ గేటు దాటించాడు. మావయ్య అదీ రాసుకున్నాడు.

ఇదంతా భరించాను. భరించలేనిది ఎవరెక్కడికి వెళ్ళాలన్న పంపకం. విశాఖ పెద్ద కంపెనీలన్నీ అతనివి. నాకు మిగిలింది నెల్లిమర్లలో టైర్ల షాపు, శృంగవరపుకోటలో విత్తనాల కొట్టు. యాభై మూడేళ్ళ మనిషి మేనల్లుడి నోటి దగ్గర కూడు లాక్కోవడమా? ఇదెక్కడి న్యాయం? నాలుగు నెలలు పళ్ళు బిగబట్టి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీదే కడిగేశాను.

మావయ్య కోప్పడలేదు. బైబిలు సంచిలోంచి రిజిస్టరు తీసి నా ఒళ్ళో పెట్టాడు. అతను తనకని ఉంచుకున్న కంపెనీలు ఇరవై ఆరు. అన్నిటికీ 'ఇవ్వలేదు'. నన్ను పంపిన ప్రతి చోటా, నేను వెళ్ళడానికి రెండు రోజుల ముందు తేదీతో, అతని దస్తూరీలోనే 'ఇచ్చారు'.

"అన్ని సోట్లకీ ముందు నానే ఎల్నాను," అన్నాడు. "నీల్లిచ్చినోల్లు పని ఇవ్వకపోయినా మనిసిని మనిసినాగ సూస్తారు. నాకంటే గెంటించుకోడం అలవాటైపోనాది. నువ్వు సిన్నోడివి, ఇరిగిపోతావు."

సిగ్గేసింది. నా కోపమంతా ఆ నీలం చొక్కా మీదికి మళ్ళింది, ఇప్పటికీ అక్కడే ఉంది. నోరు మూసుకుని మళ్ళీ శృంగవరపుకోట విత్తనాల కొట్టుకే వెళ్ళాను. స్టాకు రాయడానికి తీసుకున్నారు.

నేను చేరిన మొదటి రోజే మావయ్య దిగాడు, చంకలో రిజిస్టరుతో. కౌంటరు ముందు నిలబడి, నేనెవరో తెలియనట్టు, "ఇక్కడేటైనా కాలీ ఉన్నాదా బాబూ?" అన్నాడు.

నవ్వాపుకుంటూ లోపలికి పరిగెత్తి గ్లాసుతో నీళ్ళు తెచ్చాను. తీరిగ్గా తాగి, వాచీ చూసుకుని, పెన్ను తీశాడు.

'ఇచ్చారు. ఆలస్యంగా.'