గొర్ల బీడులో ఫుట్‌బాల్

మా డ్రిల్లు సారు పోయారని బడి గంట కొట్టకముందే తెలిసింది. ప్రార్థనలో హెడ్మాస్టరు ఒక నిమిషం మౌనంగా నిలబడమన్నారు. ఆయన మాట చెల్లనివ్వని ఊరు ఆయనకిచ్చిన మర్యాద అంతే.

మా ఈ భువనగిరి బడిలోనే ఆయనతో కలిసి పనిచేశాను. బక్కపలచని మనిషి, మెడలో ఎప్పుడూ ఈల. ఆటలో పిల్లలు కింద పడితే లేపడానికి వెళ్లేవారు కాదు. "లెవ్వు బిడ్డా, మన మట్టే గదా" అనేవారు.

పట్నంలో పెద్ద ఫుట్‌బాల్ పోటీలు పెడుతున్నారనీ, పైదేశం జట్లు ముందుగా వచ్చి సాధన చేసుకోవడానికి చోటు వెతుకుతున్నాయనీ పత్రికలో చదివి ఆయన నిలవలేకపోయారు. "అసలైన ఆట దగ్గర్నుంచి చూస్తే మన పోరగాండ్లకు ధైర్యమొస్తది సారూ" అన్నారు నాతో. పట్నం బస్సెక్కి నిర్వాహకుల చుట్టూ తిరిగి ఒక జట్టును ఒప్పించుకునే వచ్చారు. ఏర్పాట్లకని ఊరి పెద్దలు కమిటీ కట్టారు.

మైదానం కావాలి. బడి జాగా అంతా రాళ్లు. ఊరి బయట చదునైన బీడు ఉంది. కురుమ కుటుంబాలు తాతల నాటి నుంచి అక్కడే గొర్లు మేపుకునేవి. వాళ్లలో పెద్దదైన అవ్వ దగ్గరికి సారుతో నేనూ వెళ్లాను.

"ఆట అయిపోంగనే మా జాగ మాకిస్తరా?" అని అడిగింది అవ్వ.

"నేనున్న గదా అవ్వా."

"నిన్ను జూసే ఇస్తున్న. గా కమిటోళ్లను జూసి గాదు."

జట్టు వచ్చింది. సాధన అయ్యాక ఆ ఆటగాళ్లు మా పిల్లలను కలుపుకుని ఆడేవారు. సారు గీత పక్కన నిలబడి, ఈల ఊదడం మరచి నవ్వేవారు. ఆయన అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

జట్టు వెళ్లిపోగానే కమిటీ బీడు చుట్టూ ముళ్లతీగ కట్టి, క్లబ్బు బోర్డు పెట్టింది. సారు కమిటీ అధ్యక్షుడి ఇంటికి వెళ్లి, "మాట ఇచ్చిన. కంచె తీపియ్యుండ్రి" అన్నారు. "మాట మీరిచ్చిండ్రు సారూ, మేమియ్యలే" అని అధ్యక్షుడు నవ్వాడు.

మర్నాడు పట్టపగలు సారు తానే తీగ కత్తిరించి గొర్లను లోపలికి తోలించారు. పోలీసులు వచ్చారు. కంచె మళ్లీ లేచింది. సారును రామన్నపేటకు బదిలీ చేశారు. మేత లేక కొందరు మందలు అమ్ముకుని కూలికి పోయారు.

ఆయన ఇల్లు ఈ ఊళ్లోనే. తరువాత ఎప్పుడొచ్చినా కురుమల వాడ తప్పించి చుట్టు తిరిగి పోయేవారు. ఒకసారి అవ్వే ఎదురుపడి నిలదీసింది.

"మొకం దాసుకుంటవేంది బిడ్డా? గుంజుకున్నది నువ్వా?"

"ఇప్పిచ్చింది నేనే గదా అవ్వా" అన్నారు.

ఆయన పోయిన కబురు తెలిసిన ఆ సాయంత్రం అంతిమయాత్రలో అధ్యక్షుడు పూలదండతో ఎదురొచ్చి, "విదేశీ జట్టును తెచ్చిన మహానుభావుడు, క్లబ్బులో కాసేపు ఉంచుదాం" అన్నాడు. అవ్వ పాడెకు అడ్డంగా నిలబడింది.

"గా కంచె లోపటికి మా సారును పోనియ్య."

మోసేవాళ్లు క్లబ్బు వైపు తిరగలేదు. పాడె ముందుకు కదిలింది. ముళ్లతీగ అవతల సంతాప సభకని వేసిన కుర్చీలు వరుసగా, ఖాళీగా, నీరెండలో ఉన్నాయి.