బేతమంగళం చెరువులో మా అత్త

బెంగళూరులో మేముండే అపార్ట్‌మెంటులో ఈతకొలను పక్కన ఒక పలక పెట్టారు. నీళ్ళ వేడి ఎంతో కాపలా అబ్బాయి దాని మీద సుద్దముక్కతో రాస్తాడు. ఎండాకాలమైనా చలికాలమైనా ఆ అంకె మారదు. నీళ్ళు మారకపోవడం వల్లో, అతను తుడవడం మరిచిపోవడం వల్లో నేనింకా తేల్చుకోలేదు. నిన్న దాన్ని శ్రద్ధగా చదివి, కాలివేలు ముంచి చూసి, ఇంటికొచ్చి వేడినీళ్ళ స్నానం చేశాను. షవర్ కింద నిలబడ్డప్పుడు మా అత్త గుర్తొచ్చింది. నాలాంటి వీరులను ఆమె ఎక్కువగా గౌరవించేది కాదు.

అత్తంటే మా అమ్మ అన్న భార్య. పుట్టింది బైరకూరులో, రాగి చేలూ పాడి ఆవులూ ఉన్న ఇంట్లో. అక్కడి ఆడపిల్లలు తోట బావిలో దూకి దూకి ఈత నేర్చుకునేవాళ్ళట. పెళ్ళయ్యాక కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో గని కార్మికుల లైన్లకు వచ్చింది. లైన్లంటే ఒకదానికొకటి ఆనుకుని వరసగా కట్టిన చిన్న ఇళ్ళు. అక్కడ నీళ్ళనేవి బిందెల్లో మాత్రమే కనిపించేవి. ఎంత గొప్ప ఈతగత్తెకైనా బిందెలో ఈదడం కష్టమే. అలా ముప్పై ఏళ్ళు ఆమె నీళ్ళు మోసిందే గానీ నీళ్ళలో దిగలేదు. మామేమో గనులు సర్కారు చేతికి వచ్చాక చేరి, అవి మూతపడేదాకా భూమి అడుగున రాయి పగలగొట్టినవాడు. మూతపడ్డాక ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోవడం ఆయనకు ఎవరూ నేర్పని పని. రోజుకు నాలుగుసార్లు గడియారం చూసి, అది సరిగ్గా నడవడం లేదని తేల్చేవాడు.

నేను కోలారులో డిగ్రీ చదువుతున్న రోజుల్లో, ఒక ఏడాది వానలు మనసుపెట్టి కురిశాయి. గనుల ఊరికి నీళ్ళిచ్చే, ఏళ్ళ తరబడి బీటలు చూపించిన బేతమంగళం చెరువు నిండింది. అది నిండిన ఆదివారం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. రాగిముద్ద వడ్డిస్తూ అత్త మామూలుగా చెప్పింది.

"చెరువు నిండిందంట. రేపట్నుంచి నేను ఈదేకి పోతాండా."

మామ ముద్ద మింగడం ఆపాడు. "ఈ వయసులో ఈతేందమ్మే?"

"ఏం, చెరువు కాడ వయసు అడుగుతారా?"

"మనం తాగే నీళ్ళు గదా అవి."

"కొళాయిలో వస్తే గదా తాగేకి."

మామ కొళాయి వైపు చూశాడు. అది కూడా అత్త పక్షమే, చుక్క రాల్చలేదు.

పాత చీర గోచీపోసి కట్టి, పైన మామ పాత గని చొక్కా తొడుక్కుని ఆమె నీళ్ళలోకి దిగిన పొద్దు నాకింకా కళ్ళముందే ఉంది. చప్పుడు లేదు, తుంపర లేదు. వంటింట్లోంచి వరండాలోకి వెళ్ళినంత తేలిగ్గా గట్టు నుంచి చెరువు మధ్యకు వెళ్ళింది. గట్టు మీద గేదెలు కడుగుతున్నవాళ్ళు చేతులు ఆపి చూశారు. గేదెలు కూడా చూశాయని చెబుదును గానీ, అవి ఎప్పుడూ అలాగే చూస్తాయి.

చలికాలం రాగానే అత్త మాకు ఒక భరోసా ఇచ్చింది. "మార్గశిరంలో పొద్దున్నే దిగల్లప్పా. నీళ్ళు తోడేసే పాల మాదిరి వెచ్చగుంటాయి." బావిలో నిజంగా అలాగే ఉంటాయి, పొగలు కూడా వస్తాయి. ఆ మాట నమ్మి మంచులో చెరువులోకి దిగిన నేను, ఆ పాలు తోడుకుని పెరుగై నాలుగు రాత్రులు మంచులో ఉన్నంత చలిని అనుభవించాను. అత్త పళ్ళు కూడా టకటకలాడాయి. "చెరువుకు బావి బుద్ధి లేదు," అని దానిమీదే తప్పు పెట్టి, ఈదడం మాత్రం ఆపలేదు. ఆ పళ్ళ టకటక చూశాకే మామకు ధైర్యం వచ్చింది. నేనూ నేర్చుకుంటానన్నాడు. అత్త ఆయన నడుముకు బావి తాడు కట్టి, కొస తను పట్టుకుని, నీళ్ళలోకి దింపింది. గనిలో పదిమందిని నడిపించిన మనిషి ఆ తాడు కొసన కొత్త దూడలా తిరిగాడు. శివరాత్రి నాటికి తాడు విప్పేశారు.

ఆ తర్వాత వారమే అది జరిగింది. పొద్దెక్కింది. ఎండకు పైనీళ్ళు హాయిగా వెచ్చబడ్డాయి. మామ మొహం మీద ఒక ఆలోచన వెలిగింది. "ఏరా అల్లుడూ, పైనే ఇంత వెచ్చగుంటే కింద ఇంకెంత ఉంటాదో గదా." ఆయన లెక్కలో ఇది శాస్త్రం. గనిలో కిందికి దిగే కొద్దీ రాయి కాలుతుంది, అట్టడుగున చొక్కా విప్పితేగానీ పని జరగదు. చెరువు ఆ గనిలో పనిచేయలేదన్న సంగతి ఆయనకు తట్టలేదు. ముక్కు మూసుకుని, లిఫ్టులో నిలబడ్డట్టు నిటారుగా, కాళ్ళు ముందుగా దిగిపోయాడు.

కింద చలికాలం ఇంకా ఖాళీ చేయలేదు. ఆ జిల్లుకు మామ పిక్క పట్టేసింది. పైకి ఒక చెయ్యి వచ్చి, మళ్ళీ పోయింది. నేను కేక వేసేలోపే అత్త వెళ్ళి, బనియన్ మెడ దగ్గర పట్టుకుని లాక్కొచ్చి, మోకాలి లోతులో నాకు అప్పజెప్పింది. మామ దగ్గుతూ ఒకే మాట అన్నాడు. "కింద ఐసుండాదమ్మే."

"అవునా? చూసొస్తా ఉండు," అని అత్త వెనక్కి తిరిగి మునిగింది.

నీళ్ళు మూసుకున్నాయి. మామ దగ్గడం మానేశాడు. పట్టేసిన కాలితోనే లేచి నిలబడి, నా భుజం పట్టుకుని, ఆమె మునిగిన చోటునే చూశాడు. ఆ పట్టు గుర్తు రెండు రోజులు నా భుజం మీద ఉంది. ఎంతోసేపు కాదు, ఒక ఊపిరంతే. అత్త అవతల తేలి, జుట్టు వెనక్కి తోసుకుంటూ నవ్వింది. "నిజమేనయ్యో. భలే చల్లగుండాది."

మామ నవ్వలేదు. ఇంట్లో, అన్నం ముందు, "ఇంగ నువ్వు చెరువు కాడికి పోయేది లేదు," అన్నాడు.

అత్త గరిటె కింద పెట్టింది. ముప్పై ఏళ్ళ తర్వాత దొరికినది పోతోందని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. నేను కూడా జోకు వేయలేదు, దయచేసి గమనించండి.

"మునిగింది నువ్వు. నన్నెందుకు ఆపేది?"

"నువ్వు కిందికి పోతివి. నేను పైన నిలబడుంటి." అన్నం కలుపుతున్న చెయ్యి తీసేశాడు. "ఆ నిలబడేది నా చేత కాదమ్మే."

అత్త ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది. తర్వాత మెల్లగా అంది. "గనిలో రాళ్ళు కూలినాయని సైరన్ కూస్తే, చంకలో బిడ్డనెత్తుకుని షాఫ్టు గేటు కాడ నిలబడుంటి నేను. ఒకసారా, రెండుసార్లా? నిన్ను కిందికి పోవద్దని యానాడైనా అంటినా?"

మామ కంచంలో నీళ్ళు పోసి చెయ్యి కడుక్కున్నాడు. "నువ్వు పోనిచ్చినావు గాబట్టి నేను పోయినా," అన్నాడు. ఆ జవాబు సరిగ్గా కుదరలేదని ఆయనకూ తెలుసు. ఎవరం సరిదిద్దలేదు.

మర్నాడు పొద్దున సంచిలో గని చొక్కా, తువ్వాలు పెట్టి ఇచ్చింది మామే. ఆ తర్వాత చెరువు ఎండిపోయేదాకా ఆయన గట్టు మీద కూర్చునేవాడు. అత్త మునిగినప్పుడల్లా పక్కవాళ్ళతో టమోటా ధర గురించి గట్టిగా మాట్లాడేవాడు, జవాబు వినేవాడు కాదు. ఆమె తల కనిపించగానే ధర సంగతి అంతటితో వదిలేసేవాడు. కాలం గురించి మాట్లాడేంత వయసు నాకింకా రాలేదు. అయినా, కిందికి వెళ్ళిన మనిషికి గడిచే కాలమూ, పైన నిలబడ్డ మనిషికి గడిచే కాలమూ ఒకటి కాదని చూసినవాణ్ణి.