ఏ లేయర్లోనూ లేని మచ్చ

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మూతబడ్డ బొగ్గుబాయి దగ్గర తెల్లచీర కనిపించిందని, పాత క్వార్టర్లో ఎవరో దగ్గుతున్నారని చెప్పిన ప్రతివాడినీ "నువ్వు చూసినవా, ఎవడన్న చెప్తె విన్నవా?" అని నిలదీసిన మనిషిని. అందరూ విన్నవాళ్లే.

గోదావరిఖనిలో నాది ఫొటో స్టూడియో. నా బతుకంతా చనిపోయినవాళ్ల ముఖాలతోనే గడిచింది. ఫ్రేము కట్టి దండ వేయడానికి కావాలని ఇళ్లవాళ్లు తెచ్చే ఫొటోలను పెద్దవి చేసి, బాగుచేసి ఇవ్వడమే నా ప్రధానమైన పని. చనిపోయినవాళ్లు నన్నెప్పుడూ ఏమీ అనలేదు. సతాయించిందంతా బతికున్నవాళ్లే.

నాకు పని నేర్పిన గురువు లేడు. నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేయడం చూసి నేర్చుకున్నాను. కంప్యూటర్ వచ్చాక "ముసలోనివి, నీకెందుకే?" అని నవ్విన కుర్రవాళ్లున్నారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని అదీ నేర్చుకున్నాను. ఆ నవ్విన వాళ్ల షాపులన్నీ ఇప్పుడు మొబైల్ రీచార్జి షాపులయ్యాయి. నాది మిగిలింది, గిరాకీ మిగల్లేదు. ఫొటో పంపిస్తే చాలు, ఎవరినైనా తెల్లగా చేసి, నవ్వించి తిరిగి పంపే యాప్‌లు వచ్చాయి. చచ్చిపోయిన మనిషి కూడా వాటిలో కన్ను కొడతాడు. నాకు వాటి మీద ఉన్న కోపం అంతా ఇంతా కాదు. కనకవ్వ నా దగ్గరికి వచ్చిందే అటువంటి ఒక యాప్ వల్ల.

ఒక మధ్యాహ్నం వచ్చింది, వెంట మరిది కొమురయ్యను పెట్టుకుని. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగే వేళ. షట్టరు గడగడలాడింది. ముగ్గురమూ పట్టించుకోలేదు. ఆమె భర్త ఓదెలు బెల్లంపల్లిలో బాయి కార్మికుడు. కామెర్లతో పడుచు వయసులోనే పోయాడు. ఆమె ఇప్పుడు ఇక్కడ పెద్దబిడ్డ దగ్గర ఉంటున్నది.

కుర్చీలో కూచోకముందే ఫోను నా ముందు పెట్టింది.

"అన్నా, గీయన ఎవలో చూడు."

సినిమా హీరోలా ఎర్రగా బుర్రగా ఒకడు, మెరిసే పళ్లతో నవ్వుతున్నాడు.

"ఎవలక్కా?"

"మా ఆయనేనట. అల్లుడు యాప్‌ల చేసిండు. అందరు మంచిగున్నదంటున్నరు."

కొమురయ్య మధ్యలో అందుకున్నాడు. "మా అన్న జీతం దొరికిన్నాడు సుత నవ్వకపోతుండె. గీయన గింత నవ్వుతాండంటె లాటరీ తగిలినట్టుంది."

"నువ్వు ఊకో," అని ఆమె గొంతు తగ్గించింది. "అన్నా, నాకు భయమైతున్నది. ఇదివరకు కండ్లు మూసుకుంటె మా ఆయన కానొస్తుండె. ఇప్పుడు గీ నవ్వెటోడే వస్తుండు. అసలు మొఖం పోతున్నది. అది పూరాగ పోకముందే జర చేసియ్యి."

ముఖం తెల్లగా చెయ్యమన్నవాళ్లను చూశాను. మెడలో గొలుసు పెట్టమన్నవాళ్లనూ, తండ్రికి కోటు తొడగమన్నవాళ్లనూ చూశాను. యాదిలో ముఖం చెరిగిపోతున్నది, కాపాడమని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

పెళ్లి ఫొటో ఇల్లు కురిసి, అద్దానికి అంటుకుని పాడైపోయిందట. మిగిలింది ఒకటే, బాయి ముందర తీసిన గ్రూపు ఫొటో. అందరి నెత్తినా హెల్మెట్లు. చివర నిలబడ్డ ఓదెలుకు కళ్లు, ముక్కు, మీసం బాగానే ఉన్నాయి. కనుబొమ్మల పైన ఏమీ లేదు, అంతా హెల్మెట్టే.

మా బొగ్గుబాయిల స్టూడియోలలో దీనికో పాత పద్ధతి ఉంది. దొరకని భాగాన్ని రక్తసంబంధీకుల నుంచి అరువు తెచ్చుకుంటాం. చెవి లేకపోతే తమ్ముడిది, గదుమ లేకపోతే కొడుకుది. కాలనీ క్వార్టర్ల గోడల మీద తమ్ముళ్ల చెవులు పెట్టుకున్న అన్నలు ఎందరో ఉన్నారు. ఇంటివాళ్లకు తెలుసు. "నెత్తురు ఒక్కటే గదా" అని ఊరుకుంటారు. అందుకని కొమురయ్యను స్టూలు మీద కూచోబెట్టి ఫొటో తీశాను.

"నొసలు తీసుకో. నొసటిరాత మాత్రం మా అన్నది నాకద్దు," అన్నాడు.

కనకవ్వ కూడా నవ్వింది.

పని మొదలుపెట్టాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన అద్దం పలకల వంటివి. కింది పలక మీద ఓదెలు ముఖం, పై పలక మీద కొమురయ్య నొసలు. మాస్క్ అంటే ఆ పై పలకకు వేసే తెర. నల్లరంగు పూసినచోట కనిపించదు, తెల్లరంగు పూసినచోట కనిపిస్తుంది. అంచు మెత్తగా పూయకపోతే నొసలు సినిమా పోస్టరు అంటించినట్టు తేలుతుంది. పాత ఫొటో పసుపు తిరిగి ఉంటుంది, కొత్తది ట్యూబులైటు కింద పాలిపోయి ఉంటుంది. రెండింటినీ ఒక చర్మం చేయడానికి ఇంకో రంగు లేయరు. ఈ తిప్పలన్నీ నాకు పాతవే, మందులూ తెలుసు.

అతుకు బాగా కుదిరింది. అప్పుడు కనిపించింది, ఎడమ కనుబొమ్మ పైన వేలి గోరంత నీలపు గీత.

బొగ్గుబాయి వాళ్లకు అటువంటి మచ్చ తెలిసిందే. దెబ్బ తగిలిన గాయంలో బొగ్గు పొడి ఉండిపోతే, మానాక అక్కడ పచ్చబొట్టులా నీలంగా మిగులుతుంది. కొమురయ్యది కాబోలనుకుని అతని ఫొటో చూశాను. నున్నటి నొసలు. గ్రూపు ఫొటోలో అక్కడ హెల్మెట్టే కదా!

చెరిపాను. ప్రింటు తీశాను. ప్రింటులో ఉంది.

లేయరు పక్కన కన్ను గుర్తు ఉంటుంది, నొక్కితే ఆ లేయరు దాగిపోతుంది. ఒక్కొక్కటే దాచి చూశాను. ఏ లేయరును విడిగా చూసినా మచ్చ లేదు. అన్నీ కలిపితే ఉంది. మాస్క్‌ను విడిగా తెరిచాను, నలుపు తెలుపు తప్ప నీలం లేదు. లేయర్ల రంగులు ఒకదానిలో ఒకటి కలిసే పద్ధతిలో ఏమైనా తేడా ఉందేమోనని అదీ సరిచూశాను. స్కానరు అద్దం తుడిచి మళ్లీ స్కాన్ చేశాను. ఫైలును తెలిసినవాళ్ల కంప్యూటర్లో తెరిచాను. అక్కడా అదే గీత, అదే చోట.

నా కళ్ల మీదే అనుమానం వచ్చింది. పక్కన టైర్ల షాపు ఖాజాను పిలిచి, ఏమీ చెప్పకుండా, ఈ ముఖంలో ఏం కనిపిస్తున్నదో చెప్పమన్నాను.

"ఎడమ కనుబొమ్మ మీద నీలం గీత ఉంది చాచా. ఎందుకు, కండ్లద్దాలు మార్చాల్నా?"

కళ్లద్దాల సంగతి కాదని చెప్పి పంపేశాను. విసిగిపోయాను. ఈ వయసులో ఒక మచ్చ నన్ను ఆడిస్తున్నదా అని ఒళ్లు మండింది. చివరికి ఫైలుకు ఇంకో కాపీ తీసి, అందులో లేయర్లన్నీ కలిపేసి ఒకే ఫొటోగా చేసి, చెంప మీది చర్మం తెచ్చి ఆ గీత మీద అంటించాను. ప్రింటు శుభ్రంగా వచ్చింది. మచ్చ ఉన్న ప్రింట్లు చించేశాను. ఒకటి మాత్రం బల్ల మూలకు పడి ఉండిపోయింది.

కనకవ్వ, కొమురయ్య వచ్చారు. ఆమె శుభ్రమైన ప్రింటును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"మంచిగ చేసినవన్నా. కండ్లు ఆయనయే, మీసం ఆయనదే. గని..."

"గని ఏందక్కా?"

"ఆయన కాదు. ఏం తక్కువున్నదో నాకే తెల్వదు."

కోపం రాలేదంటే అబద్ధం. ఆమె మీద కాదు, ఆ మచ్చ మీద. నేను ఎంత పడ్డానో ఒకరైనా తెలుసుకోవాలనిపించి ఆ మూలకు పడ్డ ప్రింటు తీసి ఆమె ముందు పెట్టాను. "చూడు, గీ మచ్చ తీసుడుకు నేనెంత తిప్పల పడ్డనో!"

ఆమె వేలు నేరుగా గీత మీదికి పోయింది. మెల్లగా కుర్చీలో కూచుంది.

"దర్వాజ," అన్నది. "దర్వాజ తాకింది."

ఓదెలు ఒకనాడు డ్యూటీ దిగి, స్నానం చేయకుండా, ముఖమంతా బొగ్గు మసితోనే వచ్చాడట. వంటింటి దర్వాజ పొట్టిది. తల కొట్టుకుని నెత్తురు కారితే ఆమె కడగకుండా కొంగుతో అదిమింది. బొగ్గు లోపలే ఉండిపోయింది.

"రోజూ అద్దంల చూసుకుంట, నువ్వే గదనే పచ్చబొట్టు పొడిసినవ్ అంటుండె. ఎట్ల మరిసిన్నో. ఎట్ల మరిసిన్నో అన్నా!"

కొమురయ్య చేత్తో నొసలు కొట్టుకున్నాడు. "ఔ వదినా, నిజమే. నేను సుత మరిసిన. నీకెవలు చెప్పిన్రే?" అని నన్నడిగాడు.

ఎవరూ చెప్పలేదు. ఓదెలును నేను ఎప్పుడూ చూడలేదు. బెల్లంపల్లిలో వాళ్ల ఇల్లు ఎక్కడో కూడా తెలియదు. అదీకాక, గ్రూపు ఫొటో పెళ్లయిన కొత్తలోదట. దెబ్బ తగిలింది చిన్నబిడ్డ పుట్టబోయే ముందు. అంటే ఆ ఫొటోలో హెల్మెట్టు తీసి చూసినా అక్కడ మచ్చ ఉండదు.

కనకవ్వ మచ్చ ఉన్నదే ఫ్రేము కట్టించుకుంది. లేచేటప్పుడు ఫోను మరిది చేతికిచ్చి "గా నవ్వెటోన్ని తీసెయ్యి" అన్నది. ఆపకుండా మాట్లాడుతూనే మెట్లు దిగింది. ఆయన తలుపు దగ్గర ఎట్లా దగ్గేవాడో, అన్నంలో పచ్చిపులుసు ఎంత పోసుకునేవాడో, బిడ్డను ఎత్తుకోవడానికి చేతులు ఎన్నిసార్లు కడిగేవాడో. కొమురయ్యకు ఊఁ కొట్టే సందు కూడా ఇవ్వలేదు.

తరువాత చిన్నబిడ్డ వచ్చింది, ఇక్కడికి దగ్గర్లోని జైపూర్ నుంచి. తండ్రి పోయేనాటికి ఆమె చంటిపిల్ల. "నాకు సుత ఒకటి తీసియ్యి కాకా, అమ్మకిచ్చినట్టే," అన్నది.

లేయర్లు కలపని ఆ మొదటి ఫైలే తెరిచాను. మచ్చ లేదు. లేయర్లు విడిగా చూశాను, కలిపి చూశాను. తెలిసినవాళ్ల కంప్యూటర్లో వదిలిన కాపీ కూడా తెప్పించాను. నున్నటి నొసలు. ఖాజాను పిలిచాను. ఈసారి అతను జోకు వేయలేదు. "లేదు చాచా, అప్పుడైతే ఉండె," అన్నాడు.

సన్నని బ్రష్ తీసుకుని, నీలంలో కొంచెం నలుపు కలిపి, అదే చోట నేనే వేశాను. ఆ పిల్ల తెర మీదికి వంగి చూసింది.

"గీసినట్టున్నది కాకా."

నిజమే, గీసినట్టే ఉంది. చెరిపి మళ్లీ వేశాను. మళ్లీ గీసినట్టే ఉంది.

కంప్యూటర్ చదువుకున్న కుర్రవాళ్లకు చెబితే ఫైలు చెడిపోయి ఉంటుందంటారు, మెమరీలో పాత ముక్క మిగిలి ఉంటుందంటారు. ఉండొచ్చు, మచ్చలు అట్లా వస్తాయి. కానీ ఆ మచ్చ ఎడమ కనుబొమ్మ మీదికే ఎందుకు వచ్చిందో, కనకవ్వ చూసుకున్నాక ఎక్కడికి పోయిందో చెప్పమంటే ఒక్కడూ చెప్పడు. నాకూ తెలియదు. దయ్యం అనలేను. యంత్రం అని కూడా అనలేకపోతున్నాను.

"గది మీ అమ్మ దగ్గర్నే ఉన్నది బిడ్డా. పోయి అక్కడ్నే చూసుకో. నాతోని కాదు," అన్నాను.