ఘాటు మీద వేసిన నింద

పసిబిడ్డ ఊపిరాడక దగ్గుతుంటే, కారణం మనకు ముందే తెలుసని అనుకునే హక్కు మనకెవరిచ్చారు? గుంటూరు మిర్చి యార్డు పక్కగా వెళుతూ ఘాటు గొంతులోకి దిగినప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను నిలదీస్తుంది. దాని వెంటే వసుంధర గారు గుర్తొస్తారు.

ఆవిడ ఒక పిల్లల ఆసుపత్రి ల్యాబులో సూక్ష్మజీవులను పెంచి పరీక్షించే డాక్టరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కాలేజీ చర్చాపోటీల్లో గెలిచిన గర్వంతో ఆవిడ దగ్గర శిక్షణకు చేరాను. మొదటి రోజే ఏదో వాదించబోతే, "బాగానే మాట్లాడతావు. ముందు ప్లేటులో ఏం మొలిచిందో చూసి మాట్లాడు" అన్నారు.

మిరప కోతల కాలంలో సత్తెనపల్లి వైపు నుంచి ఆదిలక్ష్మి అనే రైతు మహిళ మూడు నెలల కొడుకును తెచ్చింది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా బిడ్డ పెదవులు నీలంగా మారుతున్నాయి. "కల్లంలో కాయలు ఎండబోశామండి. ఆ ఘాటుకే. ముందు మా పెద్దదానికీ ఇదే దగ్గు" అంది. టీకాలు వేయించారా అని వసుంధర గారు అడిగారు. "సూదేస్తే జొరమొస్తదని మా అత్త వద్దందండి." పెద్దపిల్లకు ఏం మందు వాడారంటే, "ఆర్‌ఎంపీ గారు బిళ్ళలిచ్చారు. కాస్త తగ్గగానే ఆపేశాం. మళ్ళీ వస్తే మళ్ళీ వేశాం" అంది.

అది కోరింత దగ్గు. ఆ బాక్టీరియా నింపాదిగా పెరుగుతుంది. ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. ఈలోగా ఎప్పుడూ వాడే మందే బిడ్డకు ఇచ్చారు. చివరికి ప్లేటు తెరిస్తే, మందు అద్దిన కాగితపు బిళ్ళ చుట్టూ ఖాళీగా ఉండాల్సిన చోట కూడా బాక్టీరియా అంచుదాకా అల్లుకుని ఉంది. "బిళ్ళ పాతదేమో, మేడం" అన్నాను. "అయ్యుండొచ్చు. కొత్తది పెట్టు." మళ్ళీ అదే ఫలితం. "దాని జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, మందుకు పట్టు దొరకదు" అన్నారావిడ. మందు మార్చారు గానీ అప్పటికే ఆలస్యమైంది. మరునాడు మధ్యాహ్నం బిడ్డ పోయాడు.

ఆ వారమే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని, మిగతా పిల్లలను పరీక్షించడానికి ఆ ఊరు వెళ్ళారు. కల్లం దగ్గర ఒక పెద్దాయన కసిరాడు: "మా తాతల నాటి నుంచీ ఘాటుకి దగ్గుతూనే ఉన్నాం. ఎవడు చచ్చాడమ్మా?"

"నా కొడుకు చచ్చాడు బాబాయ్" అంది వెనక నుంచి ఆదిలక్ష్మి.

వసుంధర గారు ఆ పెద్దాయన్నే అడిగారు: "పత్తిలో పచ్చపురుగు మందుకు చస్తోందాండీ?"

"ఎక్కడమ్మా! కొట్టిందే కొట్టీ కొట్టీ మొండికేసింది."

"ఈ దగ్గు తెచ్చే క్రిమీ అంతేనండి. మందుకు చావనివే మిగులుతాయి, అవే పెరుగుతాయి."

ఆయన ఇంట్లోకెళ్ళి మనవరాలిని పరీక్షకు ఎత్తుకొచ్చాడు.

వసుంధర గారు ఇప్పుడు లేరు. ఏ మాట అనబోయినా "నీకెలా తెలుసు?" అని ముందు నన్ను నేను అడుక్కోవడం ఆవిడ పెట్టిన అలవాటే. అందుకే వాదన ఆపి మిమ్మల్ని అడుగుతున్నాను. పిల్లల దగ్గు వారాలు సాగితే పరీక్ష చేయించండి. డాక్టరు చెప్పని మందు వేయకండి, చెప్పింది మధ్యలో ఆపకండి. మీ వీధిలో టీకా దాటిపోయిన బిడ్డ ఉంటే ఈ వారమే ఆసుపత్రికి చేర్చండి. తల్లికి కోత పని ఉండి కదల్లేకపోతే, బిడ్డను ఎత్తుకుని మీరే వెళ్ళండి.