ఎడమ తలుపు మీద రెండు దెబ్బలు

పోయిన ఆదివారం మా మేనకోడలు కారు నేర్చుకుంటానంటే పక్క సీట్లో కూర్చున్నాను. నాకు కారు నడపడం రాదు. రాకపోతేనేం, ఎదుటివాళ్ళు ఎట్లా నడపాలో చెప్పడానికి అది రావలసిన అవసరం నాకు ఎన్నడూ కనిపించలేదు. జగిత్యాల దాటి కోరుట్ల రోడ్డు ఎక్కేచోట ముందర ఒక షేరింగ్ ఆటో, దాని పక్కన గడ్డి ట్రాక్టరు. పిల్ల బెదిరి కారు ఆపేసింది. సందు ఉంది, హాయిగా పోవచ్చు. నేను ఆ మాట చెప్పేలోపే నా ఎడమచేయి కిటికీలోంచి బయటికి పోయి తలుపు మీద టపటపా రెండు దెబ్బలు కొట్టింది.

“ఏమైంది అత్తమ్మా, ఎవలనన్న గుద్దిన్నా?” అంది పిల్ల, ముఖం తెల్లబోయి.

“లేదు బిడ్డా. రెండు కొడితే పొమ్మని.”

“నోటితోని చెప్పరాదా? నోరు లేదా నీకు?”

నోరు లేదా అని నన్ను అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే అయి ఉంటుంది. మా కాలేజీలో ఎవరికైనా చెబితే నవ్వుకుంటూ ఇంటికి పోతారు. కానీ ఆ రెండు దెబ్బల అలవాటు నాకు అంటించింది ఈ పిల్ల తండ్రే, అంటే మా తమ్ముడు. అప్పటికి దీనికి నాలుగేళ్ళు. తండ్రిని ‘ఫోన్ డాడీ’ అని పిలిచేది. వాడు నిజంగా వచ్చి గడపలో నిలబడితే పోయి వాళ్ళమ్మ కొంగులో దాక్కుంది.

తెలంగాణ కోసం రోడ్లన్నీ జనంతో నిండిపోయిన రోజులవి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి దీక్ష. నేను చెప్పేది పౌరశాస్త్రం. కాలేజీ మూతపడింది కాబట్టి పిల్లలకు చెప్పే పాఠం దీక్షా శిబిరంలో పెద్దవాళ్ళకు చెప్పేదాన్ని. వాళ్ళు పిల్లలకన్నా ఎక్కువ అల్లరి చేసేవాళ్ళు. మా తమ్ముడు పదేళ్ళు సౌదీలో పెద్ద ట్రేలర్లు నడిపి, ఇక చాలు అనుకొని సరిగ్గా అప్పుడే వచ్చాడు. జగిత్యాలలో ఒక టెంటుహౌస్ సేటు వాడికి డీసీఎం బండి, అంటే చిన్న లారీ, అప్పగించాడు. సమియానాలు, కుర్చీలు, గంజులనే పెద్ద వంటగిన్నెలు పెండ్లిండ్లకు చేరవేసే పని. పదేళ్ళ అనుభవం ఉన్న డ్రైవరు దొరికాడని సేటు మహా సంబరపడ్డాడు. వారం తిరక్కుండానే ఆ సంబరం దిగిపోయింది.

ఎందుకంటే మావాడు పేరుకే పాత డ్రైవరు, మన రోడ్డు మీద పచ్చి కొత్త. అక్కడ బండ్లు కుడిపక్కన పోతాయి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. మావాడు పొద్దున్నే తాళంచెవి పట్టుకొని ఠీవిగా వచ్చి ఎడమ తలుపు తెరిచి క్లీనర్ సీట్లో కూర్చునేవాడు. కూర్చున్నాక ఎదురుగా స్టీరింగు లేదని గ్రహించి, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి, దిగి, చుట్టూ తిరిగి వచ్చేవాడు. గేరు మార్చాలంటే కుడిచేయి పోయి తలుపుకు తగిలేది. ఆ వేళ్ళ కణుపులు ఎప్పుడు చూసినా దోక్కుపోయే ఉండేవి. అన్నిటికన్నా పెద్ద కష్టం హారన్. అక్కడ హారన్ కొడితే ఎదుటివాణ్ణి తిట్టినట్టేనట. జగిత్యాల బజార్లో హారన్ కొట్టకపోతే బండి ఉందని ఎవరికి తెలుస్తుంది? మావాడు ఇంజను ఆన్‌లో పెట్టుకొని, ఎవరో దయతలచి తప్పుకుంటారని పద్ధతిగా ఎదురుచూసేవాడు. జనం ఆ బండి నీడలో నిలబడి మాట్లాడుకునేవాళ్ళు.

మొదటి వారమే కొత్త సమియానా బట్ట తేవడానికి సిరిసిల్ల పోయాడు. మగ్గాల చప్పుడు నిండిన సందులోంచి పెద్దరోడ్డు మీదికి తిరిగేటప్పుడు చేతులు వాటి పాత దారి అవి పట్టుకున్నాయి. బండి తిన్నగా కుడిపక్కన పోయి, ఎదురుగా వస్తున్న బస్సు ముక్కుకు ముక్కు ఆనించి ఆగింది. బస్సు డ్రైవరు దిగి వచ్చాడు. మావాడు తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి నిమ్మళంగా అడిగాడట. “అన్నా, దుబాయా, సౌదీయా?”

“సౌదీ.”

“గదే అనుకున్న. మా బామ్మర్ది మస్కట్ నుంచి అచ్చి గిట్లనే జేసిండు. జర ఎన్కకు తీయ్.”

మా దిక్కు ఇంటికొకడు గల్ఫ్‌లో ఉంటాడు కాబట్టి ఆ తప్పు ఏ దేశపుదో కూడా ఇట్టే గుర్తుపడతారు. కానీ సేటు బస్సు డ్రైవరంత మంచివాడు కాదు. “కోరుట్లల పెండ్లి సామాను ఉన్నది. గది టైముకు చేరిందా సరే. లేకుంటే నా తాళం నాకియ్యి, నువ్వు మళ్ల ఇమానం ఎక్కు” అన్నాడు.

మావాడు ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. కోరుట్లలోనే ఒక వీసా ఏజెంటు ఉన్నాడు, మళ్ళీ పంపడానికి తయారుగా. పెండ్లినాడు పొద్దున మావాడి చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు అంచు కనిపించింది. మా మరదలు కూడా చూసింది. చాయ గ్లాసు చేతికిచ్చి, బిడ్డను చంకన ఎత్తుకొని లోపలికి పోయింది. పదేళ్ళలో రెండేళ్ళకొకసారి మొగుణ్ణి సాగనంపి సాగనంపి, ఆమెకు ఏడవడం కూడా విసుగు పుట్టినట్టుంది. 

ఆ రోజు బస్సులు లేవు, క్లీనరు రాలేదు. క్లీనరు లేకుండా మావాడు ఎడమపక్క ఏముందో చూడలేడు. “నేను కూసుంట పా” అన్నాను.

“నువ్వా? క్లీనర్‌వా? లెక్చరర్‌వి గదనే అక్కా!”

“నీ ఎడమపక్క చూసేటందుకు డిగ్రీ అడ్డమస్తదా? ఎట్ల చెప్పాల్నో చెప్పు.”

చెప్పాడు. తలుపు మీద ఒక దెబ్బ అంటే ఆగు. రెండు అంటే రానీయ్. ఇంజను మోతలో మాట వినిపించదు కాబట్టి నోరు మాత్రం వాడొద్దు. నన్ను అంత సూటిగా ఎవరూ అవమానించలేదు. అయినా చీర కుచ్చిళ్ళు దోపి ఎక్కాను.

జగిత్యాల బజారు దాటడమే ఒక యుద్ధం. టవరు చౌరస్తా దగ్గర ఊరేగింపు మొదలవుతోంది, డప్పులు, జెండాలు, మామిడికాయల బండ్లు, వాటి నడుమ అంగలేసుకుంటూ పోయే మేకలు. మావాడు హారన్ కొట్టడు. నేను కిటికీలోంచి సగం బయటికి వేలాడి, “ఓ తాతా, జరుగు! ఏ పిలగా, సైకిల్ తీయ్! అవ్వా, పెండ్లి గంజులే, పక్కకు రా!” అని అరిచాను. నోరు వాడొద్దన్నాడు కదా, హారన్ వాడనివాడికి ఆ హక్కు లేదు. గంటన్నరలో ఊరు దాటాం. మావాడి వీపంతా తడిసి చొక్కా సీటుకు అంటుకుంది.

ఇక కోరుట్ల దాకా సాఫీ అనుకున్నాం. నాలుగైదు మైళ్ళు పోయామో లేదో, రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకొని, అక్కడే తిని నిరసన చెప్పే పద్ధతి అది. వంద మంది కూర్చున్నారు. వండే గిన్నెలేమో ఇంట్లో వాడే చిన్నచిన్నవి. మా బండి వెనక తాట్‌పత్రి పట్టా కింద నుంచి మెరుస్తున్న గంజులు చూసి బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఎంత ప్రేమగా నవ్వారో!

ముందు నిలబడి ఉన్న పిల్లవాడు నా దగ్గర చదువుకున్నవాడే. నమస్తే పెట్టి, “మేడం, సాయంత్రం దాక ఒక్క బండి పోదు” అన్నాడు.

“దవాఖాన బండ్లు ఇడుస్తలేరా?”

“పెండ్లి దవాఖాన గాదు మేడం.”

“పెండ్లైనోన్ని అడుగు, అదేందో చెప్తడు.”

అందరూ నవ్వారు, ఎవరూ కదలలేదు. నేను అక్కడ పావుగంట వాదించాను. దీక్షలో ఎన్ని రోజులు కూర్చున్నానో చెప్పాను. పెండ్లికూతురు కూడా తెలంగాణ బిడ్డే అన్నాను. ఉద్యమమంటే మనవాళ్ళ కడుపు మాడ్చడమా అని అడిగాను. ఆ మాటతో మెత్తబడ్డవాళ్ళు కూడా బిగుసుకున్నారు. చివరికి ఆ పిల్లవాడు వినయంగా అన్నాడు. “మీరే గద మేడం క్లాసుల చెప్పిండ్రు, రూలు అందరికి ఒక్కటే ఉండాలె అని.”

పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు కూడా వాడు ఆ జవాబు రాసి ఎరగడు. సరిగ్గా ఆ రోజే గుర్తొచ్చింది.  వెనక చూస్తే ట్రాక్టర్లు, ఆటోలు, మోటార్‌సైకిళ్ళు వచ్చి బిగుసుకున్నాయి. రెండుపక్కలా కాల్వ. బండి తిప్పుకునే జాగా లేదు. రాయికల్ దిక్కు తిరిగే దారి వెనక రెండు ఫర్లాంగుల దూరంలో ఉండిపోయింది. మావాడి చేయి జేబులోని పాస్‌పోర్టు మీదికి పోయింది. వీడు పోతాడు, అనుకున్నాను. నా వాదనే వీణ్ణి విమానం ఎక్కిస్తోంది.

అప్పుడు వాడు చేయి తీసి స్టీరింగు మీద పెట్టాడు. “అక్కా, దిగు. ఎన్కకు వోదాం.”

“రెండు ఫర్లాంగులా?”

“నలభై అడుగుల ట్రేలర్లు గోదాముల ఎన్కకు వెట్టిన. గీ డీసీఎం ఎంత? నువ్వు ఎన్కల నిలవడి కొట్టు. మాట్లాడకు.”

దిగి వెనక్కి పోయాను. నా పాత విద్యార్థి మాట తప్పలేదు, అడ్డం తీయలేదు. కానీ వెనక్కి పోయే బండికి రూలు లేదన్నాడు. తన మనుషులను పిలిచి, ఆటోలను ఒక్కొక్కటే కాల్వ గట్టు మీదికి జరిపించాడు. నేను బండి ఒంటి మీద రెండు దెబ్బలు కొట్టాను. డీసీఎం కదిలింది.

అంత చక్కగా బండి వెనక్కి పోవడం నేను మళ్ళీ చూడలేదు. ముందుకు పోతే కుడి ఎడమలు తడబడే మా తమ్ముడికి, వెనక్కి పోతున్నప్పుడు ఏ దేశమూ అడ్డురాలేదు. రెండు అద్దాలూ రెండు కళ్ళలా చూసుకుంటూ, గీత గీసినట్టు తెస్తున్నాడు. ట్రాక్టరు పక్కన జానెడు సందు ఉన్నచోట నేను భయపడి ఒక దెబ్బ కొట్టాను. ఆగింది. కొలిచి చూసి రెండు కొట్టాను. వచ్చింది. మాటల్లేవు. నా అరచేయి కందిపోయింది. నినాదాలు ఆపి జనం చూస్తున్నారు. మలుపు దగ్గర బండి వెనక్కి వంగి కొత్త దారికి ముఖం తిప్పేసరికి చప్పట్లు కొట్టారు. బీడీలు చుట్టే ఒక పెద్దమ్మ అంత దూరమూ మా వెంటే నడిచి వచ్చి డ్రైవరు కిటికీ కింద నిలబడింది.

“కొడుకా, ఒక్క గంజన్న ఇచ్చి పోరాదు? వంద మందికి గా చిన్న గిన్నెల ఎన్ని తీర్లు వండాలె?”

నేను లెక్కలు చెప్పబోయాను. వాడు అప్పటికే దిగి, అదనంగా పెట్టిన పెద్ద గంజు దించాడు. “పొద్దుమీకి అస్త, తోమి పెట్టు పెద్దమ్మా” అన్నాడు.

రాయికల్‌లో ఆనాడు వారపు అంగడి. కూరగాయల కుప్పలు రోడ్డు మీదికి వచ్చి ఉన్నాయి. నేను కిటికీలోంచి వేలాడబోతుండగా చెవులు పగిలేలా హారన్ మోగింది. మావాడే. ఇంకోసారి కొట్టాడు, ఈసారి ఇంకా పొడవుగా. జనం తిట్టుకుంటూ తప్పుకున్నారు. వాడి ముఖంలో, బడి ఎగ్గొట్టిన పిల్లవాడి సంతోషం. కోరుట్ల చేరేసరికి వంటమనిషి నడుం మీద చేతులు పెట్టుకొని వీధిలోనే నిలబడి ఉన్నాడు. “ఇంకో గడియ ఆగితే నన్నే గంజుల ఏసి వండేటోళ్లు” అన్నాడు. లగ్నం తప్పలేదు. అన్నం కొంచెం పలుకు మీద ఉందని పెండ్లికొడుకు మేనమామ అన్నాడు, అనే మనిషి ప్రతి పెండ్లిలోనూ ఒకడు ఉంటాడు.

తిరుగు ప్రయాణంలో ఏజెంటు ఆఫీసు ఉన్న సందు వచ్చింది. మావాడు బండి నిదానం చేశాడు. నేను ముందుకే చూస్తున్నాను. ఉండిపోరా అనడానికి నా దగ్గర కనీసం పది కారణాలు ఉన్నాయి, వరసగా పేర్చుకొని ఉన్నాను. వాడు సందులోకి తొంగిచూసి, తల అడ్డంగా ఊపాడు.

“గా సందుల బండి తిరుగది అక్కా.”

రెండు ఫర్లాంగులు బండిని వెనక్కి నడిపిన మనిషి అన్న మాట అది! ఆ సందులో రెండు డీసీఎంలు పక్కపక్కన పడతాయి. నేను చేయి బయటికి పెట్టి రెండు దెబ్బలు కొట్టాను.

సాయంత్రం గంజు కోసం ఆగితే పెద్దమ్మ అద్దంలా తోమి పెట్టి, అడుగున మా ఇద్దరికీ విస్తరాకులో కట్టిన అన్నం, పచ్చిపులుసు గ్లాసు పెట్టి ఉంచింది. రోడ్డు పక్కన కూర్చొని తిన్నాం. ఇంటికి పోగానే మా మరదలితో మావాడు అన్నది ఒక్కటే మాట. “రేపు పొద్దుగాలనే లేపు. బజార్ల సమియానా దించేదుంది.” ఆమె సరే అని లోపలికి పోయి, చాలాసేపు బయటికి రాలేదు.

తెలంగాణ వచ్చింది. ఆ రోడ్డు వెడల్పయింది. ఆ పాస్‌పోర్టు గడువు ఎప్పుడు తీరిందో మాలో ఎవరికీ గుర్తు లేదు. ‘ఫోన్ డాడీ’ అన్న పిల్ల ఇప్పుడు స్టీరింగు వెనక కూర్చొని, తలుపు ఎందుకు కొట్టావని నన్ను నిలదీస్తోంది. దానికి కూడా నా నోరే వచ్చింది, మంచిదే. ఇంత కాలం గడిచిందని నా తలకు తెలుసు. నా అరచేతికే ఇంకా ఎవరూ చెప్పలేదు.