టైర్లు కోసిన చెయ్యి

నా మొగుడు నన్ను కొట్టని వారం లేదు. మొదటి పన్ను ఊడేనాటికి నాకు ఇరవై ఏళ్ళు కూడా లేవు. తర్వాత చెప్పు, పొన్నుకర్ర, కడకు ట్రాక్టరు ఫ్యాను బెల్టు. బెల్టు పడ్డచోట తోలు ముందు తెల్లబడి, ఆనక ఎర్రగా తేలుతుంది. ఈ వయసులో ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, రాయటం ఈమధ్యే వచ్చింది కాబట్టి. మనవరాలు పలక పెట్టి నేర్పింది.

షుగరు వచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. దెబ్బ తప్పించుకునే ఓపిక కూడా లేక గోడకు ఆనుకుని కొట్టించుకునేదాన్ని.

నరసరావుపేటలో డాక్టరమ్మ కాళ్ళు నొక్కి చూసి, "నడిస్తే నొప్పంటున్నావుగా. సైకిలు వచ్చా?" అంది.

"చిన్నప్పుడు మా అన్న సైకిలు కడ్డీ కింద కాలు దూర్చి కత్తెర తొక్కేదాన్నమ్మా."

"అయితే రోజూ తొక్కు. మోకాళ్ళ మీద బరువు పడదు. తొడలు గట్టిపడతాయి, షుగరు దిగుతుంది, దమ్ము పెరుగుతుంది. మాత్రలు మాత్రం మానొద్దు."

మనవరాలికి బడిలో ఇచ్చిన సైకిలు, ఆమె హాస్టలుకు పోయాక గొడ్లచావిడిలో తుప్పు పడుతోంది. మిరపనారు పోసిన రోజుల్లో, చీర ఎగదోపి, తెల్లవారగానే కాలవ కట్ట మీద చేనిదాకా తొక్కటం మొదలుపెట్టాను. మొదటి రోజే తుమ్మకంపలో పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. ఇంట్లో దెబ్బల కన్నా అదే నయమనిపించి మళ్ళీ ఎక్కాను.

"ఏందత్తా, పెళ్ళిచూపులకా?" అని ఎదురింటి కోడలు నవ్వింది.

"అవునే, ఉన్నోడు పాతబడ్డాడు" అన్నాను.

ఆ మాట ఆయన చెవిన పడింది. "ఊరి ముందు నా పరువు తీస్తన్నావా, ముసలిముండా" అంటూ చేతులు నొప్పిపుట్టేదాకా బెల్టుతో బాదాడు. మర్నాడు రవిక వీపుకు అంటుకుపోయింది. అట్లాగే తొక్కాను.

కాయ కోతకొచ్చేసరికి గొంతుక్కూర్చుని లేవగలుగుతున్నాను. షుగరు దిగిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ వారమే ఆయన రెండు టైర్లూ కోసేశాడు. సైకిలును నెట్టుకుంటూ అడ్డరోడ్డు దగ్గర సైకిలు షాపు సాయిబు దగ్గరికి పోయాను.

"ఇది ముల్లు కాదక్కా. కొడవలి" అన్నాడతను.

"కొడవలే."

"బావేనా?"

"ఇంకెవురు?"

టైరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "చానా పదునుగా ఉందే. బావ కూలికి కోతలకు పోరాదూ?"

కొత్త టైర్లతో తిన్నగా కళ్ళానికే పోయాను. మిరపకాయలు ఎండుతున్నాయి. ఆయన నన్ను చూసి, టైర్లను చూసి, భుజం మీది బెల్టు తీశాడు.

"దిగవే."

దిగి స్టాండు వేశాను. మొదటి దెబ్బ మెడ కింద పడింది. రెండోదానికి ఎత్తిన చెయ్యిని మణికట్టు దగ్గర పట్టుకున్నాను. గుంజుకున్నాడు. రాలేదు. కాలితో తన్నాడు. నేను కదల్లేదు. ఇన్ని నెలలూ తొక్కిన కాళ్ళు నేలలో పాతినట్టు నిలబడ్డాయి. ఆయన ఊపిరి ఈలేస్తోంది, నాది మామూలుగా ఆడుతోంది. అది గమనించి నాకే భయమేసింది.

చెయ్యి మెలితిప్పాను. బెల్టు జారింది. భుజంతో ఒక్క తోపు తోస్తే మిరపకాయల్లో బోర్లా పడ్డాడు. లేవబోయాడు. బెల్టు తీసి ఒక్కటి వేశాను, నాకు ఎక్కడ వేసేవాడో అక్కడే.

"చంపుతావేందే నన్ను?"

"నన్ను కొట్టినా, టైర్లు కోసినా చంపుతా."

ఘాటుకు కళ్ళు తెరవలేక మట్టిలో పొర్లుతున్నాడు. కళ్ళు పోతాయని నీళ్ళ బిందె తెచ్చి ముఖాన గుమ్మరించాను. దగ్గుతూ, తుమ్ముతూ, చీమిడి కారుతూ కూర్చున్నాడు. నా మెడ కింద నెత్తురు రవికలోకి దిగుతోంది. చెదిరిన కాయల్ని కాలితో దగ్గరికి నెట్టి, బెల్టు నడుముకు చుట్టుకుని ఇంటికి తొక్కుకొచ్చాను.

తెల్లవారి చావిడిలోకి పోయాను. ఎప్పుడూ చూరులో దోపి ఉండే కొడవలి లేదు. మళ్ళీ కోశాడేమోనని వంగి ముందు టైరు, వెనక టైరు బొటనవేలితో నొక్కి చూశాను. రాయిలా ఉన్నాయి. చీర ఎగదోపి ఎక్కాను.